పోలిక నక్షత్రం

కాళ్ళు ఊపుతున్నానట. ఊపుతున్నాను, నిజమే. నాంపల్లి స్టేషనులో ఆడవాళ్ళ వెయిటింగు రూము బెంచీ ఎవరి కొలతకు చేశారో గాని నా కాళ్ళు నేలకు ఆనవు, ఆనని కాళ్ళు ఊగక ఏం చేస్తాయి, పైగా కొత్త మెట్టెలు, ఊపినప్పుడల్లా బెంచీ ఇనప కాలికి తగిలి టింగుమంటున్నాయి, ఈ సాయంత్రం మొత్తానికి నా పక్షాన మాట్లాడుతున్నవి అవే. "కమల ఎట్ల కూసున్నదో జూడు," అంది అత్తగారు కొండమ్మగారు, నాతో కాదు, ఎదురుగా సున్నం పెచ్చులూడిన గోడతో. చూశాను. నా తోడికోడలు కమలక్క మేకుకు తగిలించిన పటంలా కూర్చుంది, చేతులు ఒళ్ళో, కొంగు భుజం నిండా, రెప్ప వేయడానికి కూడా ముందు అనుమతి అడుగుతున్నట్టు. మా ఇంట్లో నన్ను ఏ విషయంలో కొలవాలన్నా ముందు ఈవిడను కొలుస్తారు. కమల పప్పు ఎట్ల జేస్తది, కమల పైట ఎట్ల కప్పుకుంటది, కమల చాయ్ కప్పు కింద పెడితే చప్పుడైతదా. కమలక్క ఎప్పుడూ ఉన్నచోటనే ఉంటుంది, ఎంత ఉండాలో అంతే ఉంటుంది, హెచ్చదు తగ్గదు, నేనే ప్రతిరోజూ ఆవిడ కంటే ఇంత తక్కువ, అంత తక్కువ. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా నాతో నవ్విన పాపాన పోలేదు. నాకూ ఆవిడంటే పడదు. పెళ్ళి పందిట్లో తలంబ్రాల పళ్ళెం పట్టుకుని నిలబడ్డప్పుడే పడలేదు, ఆ పళ్ళెం కూడా కదలలేదు మరి.

తాండూరు నుంచి రావలసిన బండి ఆలస్యం. అందులో అత్తగారి చెల్లెలు సమ్మక్క వస్తోంది, నాకు చిన్నత్త, ఇంకా చూడలేదు. ఇద్దరు కోడళ్ళనూ పక్కపక్కన నిలబెట్టి చెల్లెలికి చూపించాలని అత్తగారు మమ్మల్ని వెంటబెట్టుకొచ్చింది. నేను ఎదురుచెప్పకుండా వచ్చినందుకు ఆవిడకే ఆశ్చర్యం. నేను వచ్చింది చిన్నత్త కోసం కాదు. ఇదే సాయంత్రం పక్క ప్లాట్‌ఫారం మీంచి మద్రాసు బండి వెళుతుంది, అందులో మా ప్రొఫెసరు లక్ష్మణరావు గారు వెళుతున్నారు, ఆయనకు అందించవలసిన కాగితాల పొట్లం నా ఒళ్ళో ఉంది. మద్రాసు సభలో ఆయన చదవబోయే వ్యాసం. రెండు చలికాలాలు గుట్ట మీద వేధశాలలో గజగజ వణుకుతూ నేను కొలిచిన జంట నక్షత్రం. పై పేజీలో పేరు మాత్రం ఆయనొక్కడిదే. ఇందాక అబిడ్స్‌లో టైపు చేసే కొట్లో పొట్లం తీసుకుంటూ చూశాను. టైపు చేసినాయన మంచివాడు, చిత్తు ప్రతి మీద నా పేరు కొట్టేసిన గీత నాకు కనబడకుండా బొటనవేలు అడ్డం పెట్టి, "సారే తీసెయ్యమన్నరమ్మా" అన్నాడు. అక్కడి నుంచే ఫోను చేశాను. లక్ష్మణరావు గారి గొంతు ఎప్పటిలాగే చల్లగా, వెన్న రాసినట్టు. "పెళ్ళయిన పిల్లవి కదమ్మా, ఇంటిపేరు మారె. పాతది వేస్తే మీవాళ్ళకు కోపం, కొత్తది వేస్తే నువ్వెవరో ఎవరికీ తెలియదాయె. గందరగోళమెందుకని తీసేశాను. సాయంత్రం స్టేషనుకు తెచ్చిపెట్టు, మరిచిపోకు." మరిచిపోతానా. ఆ 'మరిచిపోకు' అన్న మాట అప్పటి నుంచి చెవిలో ఈగలా తిరుగుతూనే ఉంది.

ఫోను పెట్టేసి బయటికొస్తే అబిడ్స్ అంతా ఎండ తగ్గి బంగారం పూసినట్టుంది, అంత కోపంలోనూ అది కనబడింది, నా మీద నాకే చికాకేసింది. పోస్టాఫీసు ఎదర మల్లెపూల మూరలు, ఇరానీ హోటల్లోంచి బిస్కెట్ల వెన్న వాసన, బొమ్మల కొట్టు అద్దంలో నా కొత్త చీర. ఆ అద్దంలోనే అవతలి ఫుట్‌పాత్ కూడా కనిపిస్తుంది. వారానికి రెండు మూడు సాయంత్రాలు ఆ ఫుట్‌పాత్ మీద బాలకిషన్ నడుస్తాడు, ఈ ఫుట్‌పాత్ మీద నేను. మనసులోనైనా మొగుణ్ణి పేరుపెట్టి అనుకోవడం ఎంత బాగుందో, బాలకిషన్, బాలకిషన్. వాళ్ళ చుట్టాల కొట్లు దారిపొడవునా ఉన్నాయి, కొత్త జంట పక్కపక్కన నడిస్తే రాత్రికి అత్తగారికి కబురందుతుంది, అందుకని మేమిద్దరం ఎవరికెవరో అన్నట్టు రోడ్డుకు చెరో పక్కన, మధ్యలో బస్సులు రిక్షాలు, బస్సు అడ్డొచ్చినప్పుడు అతను మాయం, బస్సు పోగానే మళ్ళీ మొహం, నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటూ. వాళ్ళది అక్కడే గడియారాల కొట్టు. నా చేతిగడియారం సరిచేయించుకోవడానికి వెళితేనే కదా ఇదంతా. సెకన్లతో సహా సరిగ్గా ఉండాలంటే, "గంత సెకండ్ల పనేందండీ మీకు?" అన్నాడు. నక్షత్రాల గ్రహణం ఎప్పుడు మొదలైందో రాసుకోవాలన్నాను. కంటికి తగిలించుకున్న భూతద్దం తీసి నన్ను చూసి, "గట్లయితే రోజొచ్చి కలుపుకోండి టైము," అన్నాడు. హిమాయత్‌నగర్ నుంచి రోజూ వెళ్ళాను. మా నాన్న సచివాలయంతో పాటు కర్నూలు నుంచి వచ్చినవాడు, ఈ ఊరివాళ్ళకు పిల్లనివ్వడమా అని నెల్లాళ్ళు అన్నం మానినంత పనిచేశాడు. ఇక్కడ అత్తగారు, "ఆంధ్రోళ్ళ పిల్ల, నాలుకంత కారమే" అందట. ఇద్దరూ ఓడిపోయారు. ఆ గెలుపు రుచి ఇప్పటికీ పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే గుర్తొచ్చి నవ్వొస్తుంది, నవ్వితే అత్తగారు, "ఏంది, ఒక్కదానివే ఇకిలిస్తున్నవ్?"

"ఇంగ్లీషు పొట్లం పట్టుకొని స్టేషనుకొచ్చిన కోడలు గీ నాంపల్లిల ఇంకోతి ఉన్నదా?" అంటోంది అత్తగారు ఇప్పుడు గోడతో. గోడ ఏమీ అనలేదు. కమలక్క కూడా. పొట్లం మీద అరచెయ్యి పెట్టుకున్నాను. లోపల నా నక్షత్రం ఉంది. కంటికి ఒక్కటే చుక్క. నిజానికి రెండు, ఒకదాని చుట్టూ ఒకటి ఎంత దగ్గరగా తిరుగుతున్నాయంటే ఏ టెలిస్కోపూ విడదీయలేదు. ఒకటి రెండోదానికి అడ్డం వచ్చినప్పుడు వెలుగు తగ్గుతుంది, తొలగగానే పెరుగుతుంది, ఆ తగ్గటం పెరగటం తప్ప మన చేతికి వచ్చేదేమీ లేదు. ఎంతసేపు తగ్గిందో చూసి ఏది ఎంత లావో చెప్పాలి, ఎన్నాళ్ళకోసారి తగ్గుతుందో చూసి కక్ష్య చెప్పాలి, వాటి వేగం కూడా దొరికితే బరువు చెప్పాలి. చుక్కను తూచే తక్కెడ ఎక్కడా లేదు, ఒకదాన్ని ఒకటి ఎంత లాగుతోందో చూసి తూచాలి, ఈ మాట మొదటిసారి క్లాసులో విన్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది, పక్కనున్న పిల్ల జలుబు చేసిందా అని అడిగింది. కొలిచే పద్ధతి మాత్రం వంటింటి పనంత మామూలుది. ఆకాశం నిమిషానికో తీరుగా ఉంటుంది, సన్నటి మబ్బు, దుమ్ము, మంచు, అందుకని నక్షత్రాన్ని ఒంటరిగా కొలవకూడదు. పక్కనే మార్పులేని ఇంకో నక్షత్రాన్ని ఎంచుకోవాలి. అది పోలిక నక్షత్రం. ముందు దాన్ని చూడాలి, తర్వాత మన నక్షత్రాన్ని, మళ్ళీ దాన్ని, తర్వాత పక్కన ఖాళీ ఆకాశాన్ని. రాత్రంతా అదే వరస, వెలుగు యంత్రంలో పడుతుంటే కలం కాగితం మీద గీత గీస్తూ పోతుంది. పోలిక నక్షత్రం కంటే మనది ఎంత ఎక్కువ, ఎంత తక్కువ. అంతే లెక్క.

ఆ పోలిక నక్షత్రాన్ని ఎంచింది లక్ష్మణరావు గారు. శాలువా తలకు చుట్టుకుని, ఫ్లాస్కులో కాఫీ ఒక్కరే తాగుతూ, నన్ను ఒక్క బొట్టు అడక్కుండా. సరిచూడటానికి మూడో నక్షత్రం ఒకటి పెట్టుకుందాం సార్ అన్నాను మొదటి వారంలోనే. "ఎందుకమ్మా, టైము దండగ. నేను ఎంచింది నిలకడైన నక్షత్రమే. వంట చేసేప్పుడు ఉప్పు సరిచూస్తావు గాని ఉప్పుడబ్బాను సరిచూస్తావా?" తన మాటకు తనే నవ్వుకున్నారు. జీపు డ్రైవరు కూడా నవ్వాడు, అర్థమయి కాదు. ఒకసారి ఆయన భోజనానికి దిగి వెళ్ళినప్పుడు పంతం కొద్దీ టెలిస్కోపును మూడో నక్షత్రం వైపు తిప్పాను, అది, పోలికది, మనది, నాలుగైదు మార్లు వరసగా. ఆయన మెట్లెక్కి వచ్చి కాగితం చూసి, ఇదేమిటి అని, అంతమేర చించి నలిపి, "చెప్పిన పని చెయ్యి" అన్నారు. చించేముందు చూశాను ఆ గీతల్ని. పోలిక నక్షత్రం గీత ఎందుకో కాస్త కుంగినట్టుంది. మంచు కాబోలు అనుకున్నాను. ఆ తర్వాత, రాత్రుల లెక్కలన్నీ కలిపి గీసిన వెలుగు వంపులో ఒక బొప్పి తేలింది. గ్రహణానికి కాస్త ముందు మా నక్షత్రం ఉండవలసినదానికన్నా ఎక్కువగా వెలుగుతోంది. కొన్ని రాత్రులు ఉంది, కొన్ని రాత్రులు లేదు. లేని రాత్రుల్ని ఆయన చెడ్డ రాత్రులన్నారు. ఉన్న రాత్రుల మీద పెద్ద మేడ కట్టారు. ఒక నక్షత్రం నుంచి వేడి వాయువు ధారగా రెండోదాని మీద పడుతోందట, పడినచోట మండుతోందట, అందుకే ఆ అదనపు వెలుగట, దాన్నిబట్టి రెండింటి బరువులు ఇంతింతట. మద్రాసులో చదవబోయే గొప్ప సంగతి అదే. ఎంత అందంగా రాశారో, చదువుతుంటే నాకే నమ్మబుద్ధయింది, ఆ వెధవ కాగితం మీద నా పేరుంటే ఇంకా గట్టిగా నమ్మేదాన్ని.

"బండెప్పుడొస్తదో అడిగొస్త. ఇద్దరు పొట్లాడుకోకున్రి," అని అత్తగారు లేచింది. మేమేం పొట్లాడుకుంటాం, మాట్లాడుకుంటే కదా. ఆవిడ చెప్పుల చప్పుడు దూరమైంది. గదిలో మేమిద్దరమే, మూల కుళాయి కింద ఎవరో వదిలేసిన లోటా. మళ్ళీ కాళ్ళు ఊపాను, కావాలని. టింగ్. టింగ్.

"ఆపుతవా లేదా?" అంది కమలక్క.

మొదటిసారి ఆవిడ గొంతు అంత గట్టిగా విన్నాను. ఆపలేదు. "బెంచీ మీ ఒక్కరిదేనా అక్కా?" అన్నాను.

"బెంచీ నీదే. ఇల్లు నీదే. నువ్వు రాకముందు నేను నిమ్మలంగ ఉంటుంటి."

"నేనేం చేశాను మిమ్మల్ని? పొద్దున లేస్తే నన్ను మీతో పోల్చి తిట్టడమే సరిపోతోంది ఆవిడకు. కమల ఇట్లా, కమల అట్లా..."

పటం కదిలింది. మెడ తిప్పి నా వైపు చూసింది, కళ్ళు ఎర్రగా. "నీ ముంగట గట్లంటదా? నా ముంగట ఏమంటదో ఎరికేనా? కామాక్షి ఎట్ల నవ్వుతది జూడు, ఇల్లంత ఎలుగొచ్చినట్టున్నది, నీ మొకం ఎప్పుడు జూసినా ముడుసుకునే ఉంటది. కామాక్షి ఎట్ల టకటక హిసాబ్ జెప్తది జూడు, నువ్వు కొట్టుకు పోయి చిల్లర గూడ సక్కగ తేవు. నేను నవ్వనా? నేనచ్చినప్పుడు నేను గూడ నవ్వేదాన్ని. మర్యాద గాదన్నది. బంద్ చేసిన. ఇప్పుడు నవ్వుతలేవేందే అంటున్నది. ఏం జెయ్యాలె నేను, చెప్పు? సదువుకున్నదానివి గద, చెప్పు!"

ముందు సంతోషమేసింది, సిగ్గులేకుండా, ఇల్లంతా వెలుగొచ్చినట్టుందట, నన్నే, ఆ కొండమ్మగారే, ఎప్పుడందో ఏ గదిలో అందో అడగాలనిపించింది. ఆ వెంటనే కమలక్క చెంప మీద జారుతున్న చుక్క కనిపించింది, దాన్ని కూడా ఆవిడ శబ్దం కాకుండా తుడుచుకుంది. ఈవిడ కదలదనుకున్నాను. హెచ్చదు తగ్గదనుకున్నాను. రోజురోజుకీ నా వల్లే తగ్గుతోంది. నేను అక్కడే ఉన్నా ఈవిడ తగ్గినప్పుడు నేను హెచ్చినట్టు ఉంటుంది, నేను తగ్గినప్పుడు ఈవిడ హెచ్చినట్టు, ఇద్దరినీ ఒకరికొకరిని ఆనించి చూస్తే ఎవరు మారారో చెప్పడానికి లేదు, ఎవరు మారారో చెప్పడానికి... కాళ్ళు ఆగిపోయాయి. పొట్లం మీద చెయ్యి బిగిసింది. కుంగిన గీత. మంచు కాదది. మంచైతే మూడు గీతలూ కుంగాలి. మూడోది కుంగలేదు, మాది కుంగలేదు, మధ్యలోదే కుంగింది. అయ్యో, మా నక్షత్రం ఎక్కువ వెలగలేదు, ఏ వాయువూ పడలేదు, ఏదీ మండలేదు, పక్కది మసకబారింది. బొప్పి మాది కాదు, ఆయన నిలకడైన నక్షత్రం పడ్డ గుంట అది, తిరగేసి చూశాం. కొన్ని రాత్రులు ఉండి కొన్ని రాత్రులు లేకపోవడమేమిటి, చెడ్డ రాత్రులే మంచి రాత్రులు! అయితే ఆ పోలికది ఎందుకు మసకబారుతోంది, ఉన్నట్టుండి తగ్గి మళ్ళీ తేరుకుంటోంది, అది కూడా ఒక్కటి కాదేమో, దానికీ ఒక జత ఉందేమో, ఎవరికీ తెలియని జంట, ఏ జాబితాలోనూ లేని జంట. బెంచీ దిగి గదంతా గెంతాలనిపించింది. ఎదురుగా ఏడుస్తున్న మనిషి ఉందని ఆగాను.

తర్వాత వచ్చిన ఆలోచన అంత మంచిది కాదు. వెళ్ళనీ. పొట్లం ఆయన చేతిలో పెట్టి, నమస్కారం చేసి, శుభం సార్ అని నవ్వి, వెళ్ళనీ. మద్రాసులో పెద్ద హాలు, ఫ్యాన్లు, వెనక వరసలోంచి ఎవరో ఒక ముసలాయన లేచి, మీ పోలిక నక్షత్రాన్ని దేనితో సరిచూశారు అంటాడు. లక్ష్మణరావు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటారు, ఆయన జవాబు దొరకనప్పుడు చేసే పని అది, ఇంకోసారి తుడుచుకుంటారు. ఎంత హాయి. నా పేరు లేకుండా చేసి నన్ను కాపాడింది ఆయనే. ఈ ఊహను నాలిక మీద పెప్పరుమెంటులా చప్పరిస్తున్నాను, చల్లగా ఉంది, పూర్తిగా కరగకముందే చేదు తగిలింది. ఎవరూ అడగకపోతే? ఆ ముసలాయనకు ఆ పూట కునుకు పడితే? అచ్చవుతుంది. మా నక్షత్రానికి లేని మంట, లేని వాయువు, దానిది కాని బరువు అంటగట్టి పుస్తకాల్లోకి ఎక్కిస్తారు, తర్వాత వచ్చేవాళ్ళు వాటినే ఎత్తి రాసుకుంటారు. ఆయన నన్ను కొట్టేశాడు, సరే. ఆ నక్షత్రం నన్నేం చేసింది? రెండు చలికాలాలు, కనురెప్పల మీద మంచు పట్టేదాకా, నన్ను నమ్మి వెలిగింది.

"ఇప్పుడే వస్తానక్కా," అన్నాను.

"అత్తమ్మ అడిగితే?"

"పోయానని చెప్పండి."

ప్లాట్‌ఫారం మీద మద్రాసు బండి ఎక్కే జనం, హోల్డాలులు, మరచెంబులు, నిమ్మకాయ సోడా గోలీ పగిలినట్టు దిగిన చప్పుడు. లక్ష్మణరావు గారు కిటికీ పక్కన సర్దుకుని కూర్చున్నారు, ఎదుటి సీట్లో ఎవరో పెద్దమనిషితో తన వ్యాసం గురించే చెబుతున్నట్టున్నారు, చేతులు గాల్లో ధారలు పోస్తున్నాయి. నన్ను చూసి, "ఆ, వచ్చావా, ఏదీ," అని చెయ్యి చాపారు. పొట్లం ఇచ్చాను. ఇచ్చి కిటికీ చువ్వ పట్టుకున్నాను.

"సార్, ఆ పోలిక నక్షత్రం మారుతోంది."

"ఏమిటీ?"

"నిలకడది కాదు. మన బొప్పి దాని గుంట. మీరు చించేసిన కాగితంలో మూడో నక్షత్రం ఉంది కదా, దానితో పోలిస్తే మనది కదల్లేదు, పోలికదే కుంగింది. బొప్పి లేని రాత్రులన్నీ అందుకే లేవు."

ఎదుటి పెద్దమనిషి ఆసక్తిగా వంగాడు. లక్ష్మణరావు గారు నవ్వారు, గొంతులోనే ఆగిపోయే నవ్వు. "ఒక్క రాత్రి ఏదో గీసిన గీత పట్టుకుని బండి కదిలే వేళకు వచ్చి... కోపమొచ్చిందా పేరు తీసేశానని?" అన్నారు. నేను చువ్వ వదల్లేదు. చూస్తూ ఉన్నాను. ఆయన కళ్ళు నా మీంచి జారి పొట్లం మీదికి, పొట్లం మీంచి ఎక్కడికో, ఏ రాత్రి ఏది, ఏ రాత్రి ఏది అని లోపల పేజీలు తిరుగుతున్నాయి, చెడ్డవాడే గాని తెలివితక్కువవాడు కాదు. నెమ్మదిగా కళ్ళద్దాలు తీశారు. ఉత్తరీయం కొసతో తుడిచారు. మళ్ళీ తుడిచారు. గొంతు తగ్గించి, మళ్ళీ ఆ వెన్న రాసుకుని, "కామాక్షీ, నేనే పొరపాటు చేశానమ్మా. కష్టమంతా నీది. నీ పేరు లేకపోవడం అన్యాయం. పెన్ను ఉంది, ఇప్పుడే రాసేస్తాను. నీదే ముందు వేస్తాను, ఏమంటావు?"

నమ్మేశాడు. నమ్మకపోతే నా పేరు వేస్తాననడు. గుండెలో టపాకాయ పేలినట్టు సంతోషం, ఇంత పెద్దాయన పడవ మునుగుతుంటే చుక్కాని దగ్గర నాకు కుర్చీ వేస్తున్నాడు. "వద్దు సార్," అన్నాను, "పాత ఇంటిపేరు వేయాలో కొత్తది వేయాలో నాకే తెలియడం లేదు. గందరగోళమెందుకు?"

ఆయన మొహంలో వెన్నంతా ఒక్క క్షణంలో పోయింది. "ఇది నేను చదవనులే. ఇంకేదో పాతది చదువుతాను. తిరిగొచ్చాక మూడో నక్షత్రం నేనే పెట్టి చూస్తాను. నీవల్ల ఏమవుతుంది, రాత్రులు గుట్ట మీదికి పంపిస్తారా మీవాళ్ళు, పెళ్ళయిన పిల్లను?" ఈల వేసింది. బండి కదిలింది. కిటికీ చువ్వ నా వేళ్ళలోంచి జారింది. పోలికదానికీ జత ఉందేమోనన్న మాట ఆయనకు చెప్పలేదు. చెప్పను. అయితే మద్రాసు చేరేలోగా ఆ మాట ఆయనకే తడుతుంది, తడితే తిరుగు బండి ఎక్కిన రోజునే జీపెక్కి అది తనదే అంటాడు. ఈలోపే నేను కొలవాలి. బషీర్‌బాగ్ నుంచి గుట్టకు జీపు రోజూ సాయంత్రం వెళుతుంది, చంద్రుడు ఈ వారం ఆలస్యంగా వస్తాడు, ఆకాశం అద్దంలా ఉంది, ఉండవలసినవన్నీ ఉన్నాయి, మధ్యలో కొండమ్మగారు. బాలకిషన్‌ను అడిగితే, "నాకైతే ఓకే, అమ్మనొక్కపారి అడుగు" అంటాడు, బంగారంలాంటి మాట, ఎందుకూ పనికిరాదు.

వెయిటింగు రూము గుమ్మంలో కమలక్క నిలబడి ఉంది. అంతా చూసినట్టుంది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ పటమైపోయింది, కాని గుమ్మంలో నిలబడిన పటం. "ఎవరాయన? తిట్టిండా?"

"లేదు. నేనే కాస్త తిట్టినట్టు."

"మంచిగయ్యింది," అంది, మొహంలో ఏ మార్పూ లేకుండా.

ఎందుకు చెప్పానో తెలియదు, చెప్పేశాను. నాలుగైదు రాత్రులు గుట్ట మీద ఉండాలి, ఈ వారమే, లేకపోతే నాది ఇంకొకడిదవుతుంది. నక్షత్రాల సంగతి ఆవిడకు పట్టలేదు. ఇంకొకడిదవుతుందన్న ముక్క పట్టింది. ప్లాట్‌ఫారం చివరిదాకా అత్తగారు కనబడటం లేదని చూసి, "అత్తమ్మకు నేను జెప్త," అంది. "కాలేజీల పరీక్షలున్నయి, పోకుంటె జీతం గోస్తరు అని. నా మాటంటె ఇంటది. నేను అబద్ధమాడనని ఆమెకు నమ్మకం."

"అక్కా..."

"ఆగు. ఊకెనే గాదు. తిరిగొచ్చినంక ఒక వారం నువ్వు ఒక్కపారి పప్పు మాడగొట్టాలె. నేను జెప్పిన రోజు. చిన్నత్త ఉన్నన్ని రోజులు."

ఆవిడ నావైపు చూడటం లేదు, పెదవులు కూడా సరిగ్గా కదలడం లేదు. "ఇంకో వారం నీ కోసం నేను మాడగొడ్త. రోజు ఒక్కదాన్నే మంచిదాన్ని గావుడు నాతోని గాదు. పానం తీస్తున్నది."

"ఉప్పు కూడా ఎక్కువ వేయనా?"

"ఉప్పెక్కువెయ్యకు. తినేది మనమే."

తాండూరు బండి అరుచుకుంటూ వచ్చింది. పొగ, నల్లటి ధూళి, అత్తగారు ఎక్కణ్ణుంచో పరుగున వచ్చి నా జడ లాగి ముందుకు తోసి, కమలక్క కొంగు సర్ది మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టింది. చిన్నత్త దిగింది, అక్కకన్నా సగం ఎత్తు, అక్కకన్నా రెండింతలు గొంతు. "ఇద్దరిట్ల ఎవలు మంచిగ జూస్తున్నరే అక్కా నిన్ను?" అంది దిగుతూనే, మా ఎదుటనే. అత్తగారు నావంక ఒకసారి, కమలక్క వంక ఒకసారి చూసింది. నోరు తెరిచింది, మూసింది. ఇద్దరం ఒకేచోట ఉంటే ఏ మాట ఎవరికి చెప్పాలో ఆవిడకు అర్థం కానట్టుంది. "నెల రోజులుంటవు గద, నువ్వే జూసి చెప్పు," అని గబగబా నడిచింది.

చిన్నత్త ఇనప పెట్టెకు రెండు పిడులు. ఒకటి కమలక్క పట్టుకుంది, ఒకటి నేను. ఆవిడ పొడుగు, నేను పొట్టి, లోపల ఏం తెచ్చిందో గాని బరువంతా నా వైపుకు జారుతోంది, అడుగు తడబడి ఆవిణ్ణి లాగాను, ఆవిడ నన్ను లాగింది, రెండు మూడు అడుగులు వంకరగా వెళ్ళి మెల్లగా సర్దుకున్నాం. పెట్టె మధ్యలో కాదు, నా చేతికి దగ్గరగా ఎక్కడో ఒక చోటుంది, అక్కడ పట్టుకుంటే అది నిలుస్తుంది. మెట్టెలు రాళ్ళ మీద టింగుమంటున్నాయి. ముందు నడుస్తున్న వాళ్ళిద్దరికీ వినబడకుండా, తల తిప్పకుండా, పళ్ళ మధ్య నుంచి కమలక్క అంది, "సోమవారం నీదే. మర్చిపోకు."

మరిచిపోతానా.